స్కానరు చెప్పిన సాక్ష్యం



ఈ పుటలో ఇంతవరకు ఛందస్సు గురించీ, ప్రబంధాల గురించీ, అప్పుడప్పుడు మా కోనసీమ తోటల గురించీ వ్రాస్తూ వచ్చాను. ఈసారి మోటారుకారు గురించి వ్రాయబోతున్నాను. పంతులుగారికి మతి చలించిందనుకునేవారు అనుకోవచ్చు. జీవితమంతా తెలుగు పాఠం చెప్పినవాడికి టర్బో ఇంజనుతో ఏమి పని అని అడిగితే నా సమాధానం ఒక్కటే. ఆ ఇంజను నా కుమారుణ్ణి కాలువలో పడవేయబోయింది. దానికి వైద్యం చేస్తామన్నవారు సొమ్ము పుచ్చుకున్నారు, వైద్యం చేయలేదు. ఎందుకు చేయలేకపోయారో తెలుసుకోవడానికి నాలుగు వారాలు పట్టింది. తెలిసిన తరువాత కోపం వచ్చింది. ఆ కోపంలో కొంత వాటా నాకే చెందుతుందని ఇంకొంత ఆలస్యంగా తెలిసింది.

మావాడు హైదరాబాదులో ఉద్యోగి. రెండేళ్ల క్రితం ఒక విదేశీ సంస్థవారి పెట్రోలు టర్బో కారును పాతబండిగా కొన్నాడు. దాని మొదటి యజమాని రసికుడు. కర్మాగారంవారు కంప్యూటరులో వ్రాసిన లెక్కలు తుడిపించి, ఎక్కువ శక్తినిచ్చే లెక్కలు వ్రాయించాడు. గాలి వడపోసే పెట్టెను తీయించి, నూనె పూసిన దూది ఫిల్టరును బయటికి కనిపించేలా పెట్టించాడు. నల్లని రబ్బరు గొట్టాల స్థానంలో నీలిరంగు సిలికాన్ గొట్టాలు వేయించాడు. స్టీరింగు పక్కన టర్బో పీడనాన్ని చూపే గుండ్రని మీటరొకటి అమర్పించాడు. చీకటి పడితే అందులో ఎర్రని దీపం వెలుగుతుంది. ప్రబంధాలలో ఇలాంటిదాన్ని అలంకారబాహుళ్యం అంటాం.

మొన్న భోగినాడు మావాడు రావులపాలెం దాటి, కొత్తపేట మీదుగా వస్తూండగా చీకటి పడింది. దీపాలు వేశాడు. కాలువగట్టు వెంట పోయే దారిలో కొబ్బరికాయల లారీ ఒకటి నెమ్మదిగా పోతున్నది. ఎదుట ఎవరూ లేరని చూసుకొని, దాటుదామని ఎక్సలేటరు నొక్కాడు. కారు సగం దూరం లారీ పక్కకు వెళ్లిన తరువాత ఇంజను ఊపిరి బిగబట్టినట్లయింది. కాలు అడుగుకంటా నొక్కినా వేగం రాలేదు. పసుపుపచ్చ దీపం వెలిగింది. ఎదురుగా ట్రాక్టరు. లారీవాడు ధర్మాత్ముడు, బ్రేకు వేసి దారి ఇచ్చాడు. లేకపోతే ఎడమ పక్క లారీ, కుడి పక్క కాలువ. మావాడు ఇల్లు చేరి చేతులు కడుక్కొని, అమ్మ పెట్టిన అన్నం తిని, అప్పుడు చెప్పాడు ఈ సంగతి.

కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభల తీర్థానికి మేము ఆటోలో వెళ్లాము. సెలవు అయిపోగానే వాడు బస్సెక్కి వెళ్లిపోయాడు. కారు నా నెత్తిన పడింది.

ఇక్కడ కొంచెం ఇంజను శాస్త్రం చెప్పక తప్పదు. విసుగనిపించినవారు ఓపిక పట్టాలి. దీన్ని దాటవేస్తే తరువాతి వాదం అర్థం కాదు.

పెట్రోలు ఇంజనుకు గాలి లోపలికి పోయే దారిలో ఒక పళ్లెంవంటి కవాటం ఉంటుంది. దాన్నే త్రాటిల్ అంటారు. ఇంగ్లీషులో ఆ మాట గొంతు అన్న మాట నుంచే పుట్టింది. పూర్వం కాలికింది పెడలుకూ ఈ కవాటానికీ మధ్య ఇనుప తీగ ఉండేది. నొక్కితే తెరుచుకునేది. ఇప్పుడు తీగ లేదు. పెడలు దగ్గర రెండు సెన్సార్లు కాలు ఎంత నొక్కిందో కంప్యూటరుకు చెబుతాయి. కంప్యూటరు ఆలోచించి, మోటారుతో కవాటాన్ని తిప్పుతుంది. కవాటం నిజంగా ఎంత తిరిగిందో చూసి చెప్పడానికి దాని దగ్గర మరో రెండు సెన్సార్లుంటాయి. అంటే మనం కాలు నొక్కడం ఈనాడు విన్నపం మాత్రమే. ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటరు. రెండు సెన్సార్ల మాట పొసగకపోయినా, టర్బో నుంచి అనుకున్నదానికంటే ఎక్కువ గాలి వస్తున్నదని తోచినా, అది కవాటాన్ని మూసి బండిని మందగమనంలో పెడుతుంది. ఆ సమయంలో త్రాటిల్ పనిచేయడం లేదని మనం అంటాం. అది చక్కగా పనిచేస్తున్నది. మూసుకోమన్నారు కనుక మూసుకున్నది.

టర్బో అంటే మరేమీ కాదు. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పితే, అదే ఇరుసు మీద ఉన్న రెండో చక్రం బయటి గాలిని అణచి లోపలికి తోస్తుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూహీ 1905లో దీనికి పేటెంటు పొందాడు. ఇరుసు నిమిషానికి లక్షకు మించి తిరుగుతుంది. అణగిన గాలి వేడెక్కుతుంది కనుక ఇంటర్‌కూలరులో చల్లార్చి, గొట్టాల గుండా త్రాటిల్ వద్దకు పంపుతారు. ఈ కారులో లోపలికి వచ్చే గాలి బరువును మొదట్లోనే, ఫిల్టరు పక్కనే, వేడి తీగ ఉన్న ఒక సెన్సారు తూస్తుంది. తూచిన గాలికి తగిన పెట్రోలును కంప్యూటరు చల్లుతుంది. పెట్రోలు ఒక పాలయితే గాలి 14.7 పాళ్లు. ఈ లెక్కను గుర్తుంచుకోండి. (వాయుద్రవ్యరాశి ప్రవాహ సంవేదకం అని నామకరణం చేయమని ఒక మిత్రుడు లోగడ సూచించారు. వారికి నమస్కారం. షెడ్డులో ఆ మాట అంటే స్పానరు ఇవ్వడానికి బదులు కుర్చీ వేసి మంచినీళ్లిస్తారు.)

ఏదైనా తేడా వస్తే కంప్యూటరు ఒక సంకేతాన్ని దాచుకుంటుంది. అమెరికాలో 1996 నుంచి కార్లన్నిటికీ ఒకే రకం సంకేతాలు, ఒకే రకం పిన్ను తప్పనిసరి చేశారు. మన దేశంలో ఈ పద్ధతి మొదటి దశ 2010లోనూ, రెండో దశ 2013లోనూ వచ్చింది. ఆ సంకేతాలకు చక్కని వ్యాకరణం ఉంది. మొదటి అక్షరం పి అయితే ఇంజను, గేర్ల విభాగం. తరువాతి సున్న అందరికీ ఉమ్మడిది. ఒకటైతే ఆ సంస్థవారి సొంతం. ఆ పై అంకె గాలి, ఇంధనం, నిప్పురవ్వ ఇలా శాఖను చెబుతుంది. సూత్రాలు వల్లించినవాడికి ఇది ముచ్చటగానే ఉంటుంది.

పట్టణంలో ఒక షెడ్డుకు కారును లాగించుకుపోయాను. పేరు చెప్పను. అక్కడి యువకుడు నా శిష్యుడు. లేచి నిలబడి, కుర్చీ తుడిచి, టీ తెప్పించాడు. అతని చేతిలో పలకంత స్కానరు. పిన్ను గుచ్చగానే నాలుగు సంకేతాలు చూపింది. పి 0171, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. పి 0172, అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. పి 0299, అంటే టర్బో ఇవ్వవలసిన పీడనం ఇవ్వడం లేదు. పి 2135, అంటే త్రాటిల్ దగ్గరి రెండు సెన్సార్లూ పొంతన లేని మాటలు చెబుతున్నాయి.

"త్రాటిల్ పోయిందండి మాస్టారూ" అన్నాడు. కొత్తది 28 వేలు. వేశాడు. రెండు రోజులు బాగుంది. మూడోనాటి సాయంత్రం పాలకేంద్రం దగ్గర మళ్లీ ఊపిరి బిగబట్టింది. పైగా ఇప్పుడు నిలబెట్టినప్పుడు కూడా ఇంజను ఎగశ్వాస పెట్టసాగింది. "అయితే గాలి సెన్సారండీ" అన్నాడు. 11 వేలు. అదీ అయింది. ఫలితం లేదు. మూడోసారి తల గోక్కొని, ఒకే బండి పెట్రోలు తక్కువనీ ఎక్కువనీ రెండూ చెబుతున్నది కనుక కంప్యూటరుకే పిచ్చెక్కిందన్నాడు. దానికి లక్షా పదివేలు.

మధ్యలో మరొక పెద్దమనిషి, ఇదంతా ఇథనాల్ మహిమ అని తేల్చాడు. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ నూటికి 20 పాళ్లకు చేరిన మాట నిజమే. ఇథనాల్‌కు గాలి తక్కువ పాళ్లు కావాలి కనుక కంప్యూటరు కొంచెం ఎక్కువ ఇంధనం చల్లవలసి వస్తుందన్నదీ నిజమే. కానీ ఆ సవరింపు బండి నిలబడి ఉన్నప్పుడైనా, పరుగెత్తేటప్పుడైనా ఒకే దిక్కుకు ఉండాలి. ఒకప్పుడు అటూ ఒకప్పుడు ఇటూ ఎలా ఉంటుంది? ఈ ప్రశ్న ఆయనా వేసుకోలేదు, నా శిష్యుడూ వేసుకోలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పటికి నేనూ వేసుకోలేదు.

లక్షా పదివేలు అనేసరికి మాత్రం నాకు తర్కశాస్త్రం గుర్తొచ్చింది. ధనవ్యయం జ్ఞానహేతువు కాబోలు.

మన తెలుగువాడేనని పెద్దలు చెప్పే అన్నంభట్టు తర్కసంగ్రహాన్ని విద్యార్థి దశలో చదువుకున్నాను. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఊహించడం సరైన అనుమానం. దీన్నే తలక్రిందులు చేసి, నిప్పున్న ప్రతిచోటా పొగ ఉంటుందంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే పచ్చికట్టె తగలాలి. ఆ పచ్చికట్టెను ఉపాధి అన్నారు. ఉపాధిని చూడకుండా హేతువును నమ్మినవాడు మోసపోతాడని మూడు వందల ఏళ్ల నాడే పిల్లల పాఠంగా చెప్పారు.

షెడ్డులో జరిగింది ఏమిటి? త్రాటిల్ చెడితే పి 2135 వస్తుంది. కనుక పి 2135 వస్తే త్రాటిల్ చెడినట్లే. ఇది ఇనుపగుండు మీద పొగ వెతకడం. ఆ సంకేతం చెబుతున్నది రెండు సెన్సార్ల మాటకు పొంతన లేదని మాత్రమే. సెన్సారు చెడినా పొంతన ఉండదు. తీగ తెగినా, పిన్ను చిలుము పట్టినా, వాటికి అందే 5 వోల్టులు తగ్గినా, భూమికి కలిపే తీగలో అడ్డు ఉన్నా ఉండదు. స్కానరు కళ్లతో చూసినది చెప్పే సాక్షి. హత్య చేసినదెవరో చెప్పవలసినది న్యాయస్థానం. మన షెడ్లలో సాక్షి నోరు తెరవగానే ఎవరో ఒకరికి ఉరి వేస్తున్నారు. ఉరి తీయబడినవాడి వెల మనం చెల్లిస్తున్నాం.

చివరికి ఎవరో చెబితే కొత్తపేట దారిలో ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి వెళ్లాను. ఒకప్పుడు రొయ్యల చెరువుల మీద డీజిలు ఇంజన్లు బాగుచేసినవాడు. రేకుల పాక, ఒక మల్టీమీటరు, ఒక చవక స్కానరు. అతడు బానెట్టు ఎత్తలేదు. ముందు బల్ల మీద కూర్చోబెట్టి అడిగాడు.

"ఎప్పుడొస్తుందండీ ఈ జబ్బు? ఏ వేళప్పుడు?"

ఆలోచించాను. భోగి సాయంత్రం. పాలకేంద్రం దగ్గర సాయంత్రం. శిష్యుడు పరీక్షకు తిప్పినదల్లా పగలు. "చీకటి పడ్డాకే వచ్చినట్టుందయ్యా" అన్నాను, అంటూనే సిగ్గుపడ్డాను. దయ్యం పట్టిందని చెప్పినట్లు తోచింది. అతడు నవ్వలేదు.

"చీకటి పడితే మీరేం చేస్తారండీ?"

"దీపాలు వేస్తాం."

"అదేనండి కావాలి."

తాళం తిప్పి, ఇంజను వేయకుండా, స్కానరులో గాలి పీడనం చూశాడు. 101 కిలోపాస్కల్. "సముద్రం పక్కనున్నాం. ఇంజను ఆగివుంటే బయటి గాలెంతో లోపలి గాలీ అంతే ఉండాలి. ఉంది. కాబట్టి పీడనం సెన్సారు అబద్ధం ఆడట్లేదు" అన్నాడు. ఇదే కారు హైదరాబాదులో ఉంటే 95 చూపాలట. ఊరి ఎత్తును కారు గుర్తుపట్టగలదని నాకు అప్పుడే తెలిసింది. పైసా ఖర్చులేని పరీక్ష. నా శిష్యుడి స్కానరులో కూడా ఆ అంకె ఉంది. అది కనిపించే పేజీ తెరవలేదంతే.

తరువాత మల్టీమీటరు తీశాడు. త్రాటిల్ దగ్గరి రెండు సెన్సార్లలో ఒకటి కవాటం తెరుచుకునేకొద్దీ పెరుగుతుంది, రెండోది అంతే తగ్గుతుంది. ఈ బండిలో రెండూ కలిపితే ఎప్పుడైనా 5 వోల్టులే రావాలి. కలిపి చూస్తే అయిదే. కారు దీపాలు వేయమన్నాడు. వేశాను. 5.3 వచ్చింది. ఆర్పమన్నాడు. 5. నాలుగుసార్లు వేయించి ఆర్పించాడు. నా ఒళ్లు జలదరించింది. ఛందస్సులో గణం తప్పినచోట వేలు పెట్టినట్లున్నది.

రెండు సెన్సార్లూ ఒకేసారి ఒకే దిక్కుకు జరిగాయంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్నదే జరిగి ఉండాలి. ఉమ్మడిగా ఉన్నవి రెండు, అయిదు వోల్టుల తీగ, భూమి తీగ. సెన్సారు భూమి తీగకూ బ్యాటరీ ఋణధ్రువానికీ మధ్య మీటరు పెడితే దాదాపు సున్న ఉండాలి. దీపాలు వేస్తే 0.3 చూపింది. తీగ వెంట వేలు జరుపుకుంటూ వెళ్లాడు. డాష్‌బోర్డు కింద ఇన్సులేషను టేపు చుట్టిన ముడి ఒకటి. పీడనం మీటరులోని ఎర్రదీపానికి భూమి తీగ కావలసి వచ్చి, మొదటి యజమాని మనిషి అందుబాటులో ఉన్న సెన్సారు తీగను గీకి దానికే చుట్టేశాడు. మా ఉప్పుగాలికి ఆ రాగి పచ్చగా చిలుమెక్కి ఉంది. దీపం వెలిగితే దాని విద్యుత్తు అంతా ఆ చిలుము గుండా పోవాలి. సెన్సార్ల నేల 0.3 వోల్టు పైకి లేస్తుంది. కంప్యూటరుకు రెండు సాక్ష్యాలూ పొసగవు. కవాటం మూస్తుంది. కొబ్బరి లారీ పక్కన మూసింది.

త్రాటిల్‌కు ఏ పాపమూ తెలియదు. 28 వేలు పోసి నిర్దోషిని తీసివేసి, మరొక నిర్దోషిని దాని స్థానంలో కూర్చోబెట్టాం.

తక్కిన మూడు సంకేతాల సంగతి మర్నాడు చూశాడు. ఇంజను నిలకడగా తిరుగుతున్నప్పుడు కంప్యూటరు పెట్రోలును నూటికి పాతిక వంతులు పెంచుకుంటున్నది. అంటే తూకం వేయని గాలి ఎక్కడో దొంగతనంగా చొరబడుతున్నది. నిలకడలో త్రాటిల్ వెనుక శూన్యం వంటి స్థితి ఉంటుంది కనుక అక్కడ రంధ్రముంటే గాలిని పీల్చుకుంటుంది. బరువు మీద నడిపేటప్పుడు ఇందుకు విరుద్ధం. తూచిన గాలి టర్బో పీడనానికి మధ్యలో ఎక్కడో బయటికి పోతున్నది. దానికి కొలిచి చల్లిన పెట్రోలు మాత్రం లోపలికి పోతున్నది. అందుకే ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. పిచ్చెక్కలేదు కంప్యూటరుకు. రెండు వేళల్లో రెండు నిజాలు చెప్పింది. గాలి సెన్సారే తప్పు తూస్తే ఇలా పరస్పర విరుద్ధంగా ఉండవలసిన అవసరం లేదు. అంటే 11 వేల సెన్సారు కూడా నిర్దోషే.

రంధ్రాలు వెతికిన విధానం చెబితే మీకు సంతోషం కలుగుతుంది. బోరుగొట్టానికి వేసే ప్లాస్టిక్ మూత ఒకటి తెచ్చి, దానికి టైరు వాల్వు బిగించి, టర్బో నోటికి అమర్చి, పంపుతో కొద్దిగా గాలి కొట్టాడు. గొట్టాల మీద సబ్బునురుగు పూశాడు. పంచరు కొట్టులో ట్యూబును నీళ్లలో ముంచినట్లే. ఇంటర్‌కూలరు దగ్గర నీలి సిలికాన్ గొట్టానికి క్లిప్పు వదులై, నురుగు బుసబుస పొంగింది. త్రాటిల్ వెనుక, మీటరుకు పీడనం తీసుకోవడానికి కోసి పెట్టిన ప్లాస్టిక్ టీ జాయింటు నిలువునా పగిలి ఉంది. రెండు కొత్త క్లిప్పులు, ఒక రబ్బరు గొట్టం, భూమి తీగకు కొత్త ముడి. సామానుకు 400 రూపాయలు దాటలేదు. త్రాటిల్‌కు దాని స్థానాలు మళ్లీ నేర్పించాడు. కొత్తది వేసినప్పుడు అది తప్పనిసరి అట. దీపాలు నాలుగూ ఆరిపోయాయి. ఆ రాత్రి దీపాలు వేసుకొని అంబాజీపేట వరకు వెళ్లి వచ్చాం.

అతడు 1,800 అడిగాడు. అప్పుడు నా నోట ఏమి మాట వచ్చిందో వ్రాయకపోతే ఈ వ్రాత అబద్ధమవుతుంది. "ఏమీ మార్చలేదు కదయ్యా, అంతెందుకు?" అన్నాను. 39 వేలు మారుమాటాడకుండా ఇచ్చినవాణ్ణి. అతడు నా ముఖం చూశాడు. తలదించుకొని ఇచ్చేశాను.

ఇక నా వాదం. తరువాత శిష్యుడి దగ్గరికి వెళ్లి మందలించబోతే అతడన్న మాట ఇది. "ఆలోచించినందుకు డబ్బులడిగితే ఎవరూ ఇవ్వరండి మాస్టారూ. సామాను మారిస్తే ఇస్తారు." దీనికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేనే ఆ ఎవరూలో మొదటివాణ్ణి. అయినా ఇది సమర్థన కాదు. వైద్యుడు నాడి చూసినందుకు పుచ్చుకుంటాడు. న్యాయవాది కాగితం చదివినందుకు పుచ్చుకుంటాడు. షెడ్డులో మాత్రం బుద్ధికి బిల్లులో గడి లేదు. కనుక బుద్ధిని వాడరు. రోగం కనిపెట్టిన రుసుము అని బిల్లులో మొదటి పంక్తి వ్రాయండి. వెయ్యి వ్రాయండి, రెండువేలు వ్రాయండి, ఇస్తాం. దానికి ప్రతిగా, ఏ పరీక్ష ఈ భాగాన్ని దోషిగా తేల్చిందో ఒక్క వాక్యంలో చెప్పి గాని భాగం మార్చవద్దు. మార్చిన పాత భాగాన్ని మా చేతికివ్వండి. మార్చిన తరువాత రోగం తగ్గకపోతే ఆ నిర్ణయం తప్పని ఒప్పుకోండి. మరొక భాగం పేరు చెప్పవద్దు. ఇందులో అసాధ్యమైనది ఏముంది?

బండికి మార్పులు చేయించడమే నేరం, అంతటితో సరి, అని కొందరు మిత్రులు అంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, కర్మాగారంవారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని చెబుతున్నది. 2019 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం కూడా దాన్ని గట్టిగా చెప్పింది. మావాడికి ఆ తీర్పు చదివి వినిపించాను. కానీ చట్టం పేరు చెప్పి మెకానిక్కు తప్పించుకోలేడు. బండిలో ఎవరో చెయ్యి పెట్టారని కంటికి కనిపిస్తూంటే ముందు అక్కడే వెతకాలి. వ్రాతప్రతిలో తరువాతివాళ్లు చేర్చిన పద్యం ఉందని అనుమానం వస్తే మనం మొదట ఆ పద్యాన్నే పరీక్షిస్తాం గాని, మూలకవికి వ్యాకరణం రాదనం. ఈ కారులో దొరికిన మూడు దోషాలూ తరువాత చేర్చిన వాటిలోనివే. కర్మాగారంవారు చేసిన ఒక్క వస్తువూ చెడలేదు. మార్చినవన్నీ మాత్రం కర్మాగారంవారివే.

శక్తి పెంచిన రసికులకూ ఒక మాట. కంప్యూటరులో లెక్క మార్చినవాడు టర్బోను ఎక్కువ పీడనం ఇమ్మన్నాడు. ఆ పీడనానికి క్లిప్పు ఆగుతుందా అని చూడలేదు. మీటరు పెట్టినవాడు పీడనం చూపించాడు. ఆ పీడనం కారిపోవడానికి దారి తానే కోసి పెట్టాడు. ఎదుటి బండిని దాటే వేళ ఇంజను మాట వినకపోతే ఏమవుతుందో వాళ్లు ఒకసారి మా కాలువగట్ల మీద నడిపి చూస్తే తెలుస్తుంది. ఆ గట్లకు చాలాచోట్ల పిట్టగోడ లేదు.

అసలు చెప్పవలసిన కష్టమైన మాట మిగిలింది. ఆ యువకుడు పదో తరగతిలో నా దగ్గర చదివినప్పుడు ప్రశ్న చూడగానే జవాబు వ్రాసేవాడు. ప్రశ్న పూర్తిగా చదివేవాడు కాదు. గైడులో ఆ ప్రశ్నకు ఎదురుగా ఆ జవాబు ఉండేది. నేను మార్కులు వేసేవాణ్ణి. పద్యానికి తాత్పర్యం అడిగితే గైడులోని తాత్పర్యం పొల్లు పోకుండా వ్రాసినవాడికి నూటికి తొంభై వేశాను. తనకు తోచినది తప్పుల తడకగా వ్రాసినవాడికి ముప్పై అయిదు. ఆ తొంభైవాడే ఇతడు. పి 2135 ఎదురుగా త్రాటిల్ అని స్కానరులో ఉంది. అదే వ్రాశాడు. నేను నేర్పని పని ఏమి చేశాడు? మీలో చాలామంది సాఫ్టువేరువారు. కంప్యూటరు చూపిన దోషసందేశాన్ని పట్టుకొని ఎన్ని రాత్రులు తప్పుచోట వెతికారో మీకే తెలుసు. మనది ఒకే బడి.

ఈ వ్రాతను ప్రకటించే ముందు శిష్యుడికి చదివి వినిపించాను. అది న్యాయమనిపించింది. ఓపికగా విన్నాడు. రెండు మాటలు చేర్చమన్నాడు. కొత్త త్రాటిల్‌కు స్థానాలు నేర్పించడానికి తానూ ప్రయత్నించాడట; ఆ వేళ షెడ్డులో చీకటిగా ఉండి కారు దీపాలు వేసి ఉంచారు, అందువల్ల అది నేర్చుకోలేదు, ఎందుకో అప్పుడు తెలియలేదన్నాడు. చేర్చాను. గాలి సెన్సారు వాపసు పుచ్చుకొని 11 వేలు ఇచ్చేస్తానన్నాడు. అదీ చేరుస్తున్నాను. త్రాటిల్ మాట ఇద్దరం ఎత్తలేదు.

వచ్చేటప్పుడు నీ దగ్గర మల్టీమీటరు ఉందా అని అడిగాను. ఉందన్నాడు. సొరుగు తీసి చూపించాడు కూడా. అందులో బ్యాటరీ లేదు.